సేవకు వెళ్ళే ముందు: అమెరికాలో చదివే ఎక్స్‌ఛేంజ్ విద్యార్థుల ప్రశ్నలు

జే-1 వీసా మీద ఒక విద్యా సంవత్సరం అమెరికా వెళ్ళి, అక్కడి కుటుంబంతో ఉంటూ, అక్కడి హైస్కూల్లో చదివే పిల్లలు మన రెండు రాష్ట్రాల నుంచీ ఉన్నారు. కొందరు అమెరికా విదేశాంగ శాఖ 2002లో మొదలుపెట్టిన కెనడీ-లూగర్ ‘యెస్’ స్కాలర్‌షిప్ మీద వెళ్తారు. కొందరు రోటరీ ద్వారా, మరికొందరు సొంత ఖర్చుతో ఇతర సంస్థల ద్వారా వెళ్తారు. దారి ఏదైనా, చదువుతో పాటు ఊరికి ఉపయోగపడే పని ఏదో ఒకటి చేయమని ప్రోగ్రాంలు గట్టిగా చెబుతాయి. ఆ పని గురించి వచ్చిన ప్రశ్నలకు ఈసారి జవాబులు.

ప్రశ్న: మా అమ్మాయి ఆగస్టులో వెళ్తోంది. ఇంటర్ మొదటి సంవత్సరంలో ఎన్ఎస్ఎస్‌లో చేసింది. అక్కడ కమ్యూనిటీ సర్వీస్ తప్పక చేయాలని ఓరియెంటేషన్‌లో చెప్పారట. ఎక్కడ చేయాలో, ఎవరిని అడగాలో చెప్పలేదు. ఎలా మొదలుపెట్టాలి? (ఒక తల్లి, కరీంనగర్)

జవాబు: ఎన్ఎస్ఎస్‌లో ప్రోగ్రాం ఆఫీసరు తేదీ చెబుతారు, యూనిట్ అంతా కలిసి వెళ్తుంది. అక్కడ అలా ఎవరూ తీసుకెళ్ళరు. ఏ చోట, ఏ రోజు, ఎన్ని గంటలకు అనేది మీ అమ్మాయే చూసుకుని, తానే అడగాలి. మన పిల్లలు ఎక్కువగా ఆగిపోయేది ఇక్కడే. ఎవరైనా పిలుస్తారని చూస్తూ డిసెంబరు దాకా గడిపేస్తారు.

ఆగస్టు, సెప్టెంబరు మొదటి వారాలు వదిలేయండి. బడి, బస్సు, ఆ యాస అలవాటు కావాలి. సెప్టెంబరు నడిమికి వచ్చేసరికి అడగడం మొదలుపెట్టాలి. ముందు హోస్ట్ కుటుంబాన్ని అడగాలి. వాళ్ళు వెళ్ళే చర్చికో, పక్కింటివాళ్ళు పనిచేసే, పేదలకు సరుకులు పంచే ఫుడ్ బ్యాంక్‌కో తోడు వెళ్ళడం అన్నిటికంటే తేలిక, ఎందుకంటే కారు సమస్య అక్కడే తీరిపోతుంది. తర్వాత బడిలో కౌన్సెలర్. కీ క్లబ్, ఇంటరాక్ట్ లాంటి సేవా క్లబ్బులు ఏ రోజు కలుస్తాయో ఆమెకో ఆయనకో తెలుస్తుంది. ఆపైన ఊరి పబ్లిక్ లైబ్రరీ. అక్కడి నోటీసు బోర్డు మీద చిన్న చిన్న సంస్థల అవసరాలు కనిపిస్తాయి.

అడిగేటప్పుడు ‘ఏదైనా పని ఉంటే చెప్పండి’ అని రాస్తే జవాబు రాదు. పేరు, వయసు, బడి పేరు, ఏ నెల దాకా ఊళ్ళో ఉంటుంది, వారంలో ఏ రోజు, ఏ గంటల్లో ఖాళీ, ఎలా వచ్చి వెళ్తుంది, ఇవన్నీ ఐదారు వాక్యాల్లో ఉండాలి. ‘శనివారాలు ఉదయం 9 నుంచి 12 వరకు, మే నెల దాకా రాగలను’ అన్న ఒక్క వాక్యం చాలా బలమైనది. ఫోన్ చేస్తే వాయిస్ మెయిల్‌కే వెళ్తుంది. పేరు అక్షరాలు విడివిడిగా చెప్పి, నంబరు నెమ్మదిగా రెండుసార్లు చెప్పాలి. వారంలో జవాబు రాకపోతే మళ్ళీ చేయాలి. చాలా చోట్ల వాలంటీర్ల సంగతి చూసేది ఒకే మనిషి, అదీ పూటపని. జవాబు రాలేదంటే వద్దన్నట్టు కాదు.

ఇక మా గట్టి సలహా: ఎనిమిది చోట్ల ఒక్కో పూట చేయడం కంటే ఒకే చోట, వారానికో రెండు వారాలకో ఒకసారి, అదే సమయానికి వెళ్ళడం మేలు. మొదటి రెండు పూటలు పని నేర్పడానికే పోతాయి, అంటే ఆ రెండు పూటలూ మనమే వాళ్ళ సమయం తీసుకుంటున్నాం. మూడు నాలుగు సార్లు వెళ్ళాకే మనం ఉపయోగపడటం మొదలవుతుంది, పేరు పెట్టి పిలవడమూ అప్పుడే మొదలవుతుంది. నవంబరు నాలుగో గురువారం వచ్చే థాంక్స్‌గివింగ్ నాడు వడ్డించడానికి అందరూ ఎగబడతారు, చాలా చోట్ల నెల ముందే జాబితా నిండిపోతుంది. అదే సంస్థలకు జనవరి చివర, ఫిబ్రవరిలో మనుషులు దొరకరు. మీ అమ్మాయిని అప్పుడు వెళ్ళమనండి. జనవరి మూడో సోమవారం మార్టిన్ లూథర్ కింగ్ దినం. 1994లో అమెరికా కాంగ్రెస్ దాన్ని సేవాదినంగా ప్రకటించింది. బడికి సెలవు, ఊరంతా ఏదో ఒక పని జరుగుతుంది. మొదలుపెట్టడానికి అదీ మంచి రోజే.

ప్రశ్న: నేను శాకాహారిని. మా హోస్ట్ అమ్మ నెలకోసారి, పేదలకు ఉచితంగా భోజనం పెట్టే సూప్ కిచెన్‌లో వడ్డిస్తారు, నన్నూ రమ్మంటున్నారు. మాంసం వడ్డించాల్సి వస్తే? ఫుడ్ బ్యాంక్ అయితే ఆ ఇబ్బంది ఉండదా? అక్కడ పని ఏముంటుంది? (విద్యార్థి, విజయవాడ నుంచి వెళ్ళి ఒహాయోలో ఉన్నారు)

జవాబు: సూప్ కిచెన్‌లో వరుస మొదలయ్యాక ‘ఇది నేను ముట్టుకోను’ అంటే అందరికీ ఇబ్బంది. ముందు రోజే మీ హోస్ట్ అమ్మగారికి చెప్పండి: ‘వస్తాను, మాంసం వడ్డించలేను. బ్రెడ్, సలాడ్, ట్రేలు, పళ్ళేలు కడగడం, ఏదైనా ఇవ్వండి’ అని. కారణం ఒక్క వాక్యంలో చాలు, అక్కడ అది కొత్త విషయమేమీ కాదు. పళ్ళేలు కడిగే దగ్గర మాంసం తగులుతుంది, చేతికి గ్లవ్స్ ఉంటాయి. అదీ కుదరదనుకుంటే ఆ సంగతీ ముందే చెప్పండి. వేళ్ళు కప్పే బూట్లు వేసుకోవాలి. చెప్పులతో, శాండిల్స్‌తో వెళ్తే వెనక్కి పంపేస్తారు. జుట్టుకు నెట్, చేతికి గ్లవ్స్ వాళ్ళే ఇస్తారు. గ్లవ్స్‌తోనే ఫోన్ ముట్టుకుంటే మార్చుకోవాలి, ఇది చాలామంది మరిచిపోతారు.

ఫుడ్ బ్యాంక్‌లో ఎక్కువగా ఉండేది వేరుచేసే పని. జనం ఇచ్చిన డబ్బాలు, పొట్లాలు గుట్టగా వస్తాయి. పాడైనవి తీసేసి, మిగిలినవి రకం వారీగా అట్టపెట్టెల్లో సర్దాలి. అరటిపళ్ళు వచ్చే గట్టి పెట్టెల్నే చాలా చోట్ల వాడతారు. ఒక్కోటి నిండితే 14 నుంచి 18 కిలోలు ఉంటుంది. బరువు అక్కడ పౌండ్లలో చెబుతారు, 30 నుంచి 40 పౌండ్లు అన్నమాట. నడుము వంచి కాదు, మోకాళ్ళు వంచి ఎత్తాలి. ఒక పూట రెండు నుంచి మూడు గంటలు.

ఏ డబ్బా పారేయాలి? ఉబ్బినది, కారుతున్నది, తుడిస్తే పోని తుప్పు పట్టినది, లేబుల్ లేనిది. సొట్ట విషయంలో జాగ్రత్త కావాలి. పక్కన పైపైన పడ్డ చిన్న సొట్టతో నష్టం లేదు. పై అంచు మీద, అడుగు అంచు మీద, నిలువు అతుకు మీద పడ్డ సొట్టైతే, లేదా వేలు పట్టేంత లోతుగా ఉంటే పక్కన పెట్టేయాలి. అతుకు దగ్గర కంటికి కనిపించని సందు ఏర్పడితే గాలి, సూక్ష్మజీవులు లోపలికి పోతాయి. ఇంట్లో చేసిన పచ్చళ్ళు, జామ్‌లు, మూత తీసిన పొట్లాలు ఎంత శుభ్రంగా కనిపించినా తీసుకోరు.

తేదీల దగ్గర మన పిల్లలు తరచూ పడే పొరపాటు ఒకటుంది. అమెరికాలో ముందు నెల, తర్వాత రోజు రాస్తారు. 03/04 అంటే మార్చి 4, ఏప్రిల్ 3 కాదు. అలా తప్పు చదివితే మంచిది పారేస్తారు, లేదా పాతది పెట్టెలో పెడతారు. ‘బెస్ట్ బై’ అన్నది రుచి తగ్గడానికి సంబంధించిన తేదీ. అది దాటినా చాలా సరుకులు కొంతకాలం వరకు పంచుతారు, ఎంతకాలం అన్నది ఆ ఫుడ్ బ్యాంక్ గోడ మీద పట్టికలో ఉంటుంది. పసిపిల్లల పాలపొడికి మాత్రం ఏ మినహాయింపూ లేదు. తేదీ దాటితే పారేయాల్సిందే. అనుమానం వస్తే పక్కన పెట్టి అడగండి, ఊహించకండి. వరుసలో నిలబడ్డవారికి ఆ పెట్టెలో ఏముందో ఎంచుకునే అవకాశం చాలాసార్లు ఉండదు. వాళ్ళకు బదులు చూసే కళ్ళు మీవే.

ప్రశ్న: మా అమ్మాయి వృద్ధుల కేర్ హోంలో వాలంటీరుగా చేరబోతే టీబీ పరీక్ష అడిగారు. చేతికి సూది వేసి చూసి పాజిటివ్ అన్నారట. ఇంటికి పంపేస్తారేమో అని ఏడుస్తోంది. ఏం చేయాలి? (ఒక తండ్రి, నిజామాబాద్)

జవాబు: ముందు కంగారు తగ్గించుకోండి. మన దేశంలో పుట్టగానే బీసీజీ టీకా వేస్తారు. అది వేసుకున్నవారికి చర్మం మీద చేసే పరీక్షలో, జబ్బు లేకపోయినా చోటు వాచి పాజిటివ్‌గా కనిపించవచ్చు. అమెరికాలో పిల్లలందరికీ బీసీజీ వేయరు కాబట్టి ప్రతి నర్సుకూ ఇది వెంటనే తట్టకపోవచ్చు. మీ అమ్మాయి టీకా కార్డు నకలు పంపి, రక్తంతో చేసే ఐజీఆర్ఏ పరీక్ష చేయించమని, ప్రోగ్రాం తరఫున అక్కడ పిల్లల్ని చూసుకునే కోఆర్డినేటర్ ద్వారా అడగండి. బీసీజీ ప్రభావం ఆ పరీక్ష మీద పడదు. రక్తపరీక్షలోనూ పాజిటివ్ వస్తే డాక్టరు ఛాతీ ఎక్స్‌రే తీయించి చూస్తారు. టీబీ సూక్ష్మజీవి శరీరంలో నిద్రాణంగా ఉండటం వేరు, జబ్బు వేరు. నిద్రాణంగా ఉంటే ఎవరికీ అంటదు, దానికి మందులున్నాయి. దేన్నీ దాచవద్దని మాత్రం అమ్మాయికి చెప్పండి. దాచిన విషయం తర్వాత తెలిస్తే సమస్య పెద్దదవుతుంది.

ఇంకా వెళ్ళని పిల్లలకు: వీలైతే మొదటినుంచే రక్తపరీక్ష అడగండి. చర్మ పరీక్షే చేస్తే 48 నుంచి 72 గంటల మధ్య మళ్ళీ వెళ్ళి చూపించాలి, ఆ వేళ దాటితే మళ్ళీ మొదటికే. బడి చేరికకు ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లా) టీకా వేయించుకోవాల్సి వస్తే రెండూ ఒకే రోజు చేయించాలి, లేదా టీకా తర్వాత నాలుగు వారాలు ఆగాలి. ఆ టీకా కొన్నాళ్ళు పరీక్ష ఫలితాన్ని మరుగుపరచగలదు. ప్రోగ్రాం ఇచ్చే ఆరోగ్య బీమా ఇలాంటి పరీక్షల ఖర్చు భరిస్తుందని అనుకోవద్దు. చేయించే ముందే అడగాలి. చాలా కేర్ హోంలు చలికాలంలో ఫ్లూ టీకా కూడా అడుగుతాయి.

లోపలికి వెళ్ళాక గుర్తుంచుకోవాల్సినవి ఇక్కడే చెప్పేస్తాం, ఎందుకంటే మన ఇళ్ళలో పెద్దవాళ్ళకు చేసే సాయం అక్కడ ప్రమాదం కావచ్చు. తాతగారు దాహం అంటే నీళ్ళు ఇవ్వకూడదు. మింగడం కష్టమైనవారికి చిక్కగా చేసిన ద్రవాలే ఇస్తారు, మామూలు నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. లేవబోతుంటే చేయి పట్టి లేపకూడదు, ఇద్దరూ పడతారు. రెండు సందర్భాల్లోనూ అక్కడి సిబ్బందిని పిలవాలి. చక్రాల కుర్చీ ఆపిన ప్రతిసారీ రెండు బ్రేకులూ వేయాలి. మాట్లాడేటప్పుడు నిలబడి కాదు, ఎదురుగా కూర్చుని, వాళ్ళ కళ్ళ ఎత్తుకు వచ్చి, నెమ్మదిగా మాట్లాడాలి. గట్టిగా అరవడం వల్ల మన యాస మరింత అర్థం కాకుండా పోతుంది. ఎవరి పేరూ, జబ్బూ బయట చెప్పకూడదు, ఫొటో అసలే తీయకూడదు. ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టిన ఒక్క ఫొటోతో సేవ ఆగిపోవచ్చు.

ప్రశ్న: సేవ గంటలు ఎలా రాసుకోవాలి? ఒక దుకాణం యజమాని ‘జీతం లేకుండా సాయం చెయ్యి, గంటలు రాసిస్తాను’ అన్నారు. ఒప్పుకోవచ్చా? (విద్యార్థిని, మిన్నెసోటా)

జవాబు: ఒప్పుకోవద్దమ్మా. లాభం కోసం నడిచే చోట, జీతానికి మనిషిని పెట్టుకోవాల్సిన పనిని ఉచితంగా చేయడం సేవ కాదు. మీ వీసా పరంగానూ చిక్కు. జే-1 హైస్కూల్ విద్యార్థులు పూర్తికాలం కానీ, పూటపని కానీ ఉద్యోగం చేయకూడదు. ఎప్పుడో ఒకసారి పక్కింటి పిల్లల్ని చూసుకోవడం, పెరట్లో ఆకులు ఊడ్చిపెట్టడం లాంటివి చేసి డబ్బు తీసుకోవడానికి నిబంధనలు ఒప్పుకుంటాయి, కానీ అవి సేవ గంటలు కావు. సేవ చేసే చోట టీషర్టు, పిజ్జా ఇస్తే తీసుకోవచ్చు. నగదు కానీ గిఫ్ట్ కార్డు కానీ ఇస్తే తీసుకునే ముందు కోఆర్డినేటర్‌ను అడగండి.

గంటల పట్టికలో తేదీ, వచ్చిన వేళ, వెళ్ళిన వేళ, చేసిన పని, సూపర్‌వైజర్ సంతకం, వారి ఫోన్ నంబరో ఈమెయిలో ఉండాలి. ఏ రోజుది ఆ రోజే సంతకం చేయించుకోండి. మే నెలలో అన్నిటికీ ఒకేసారి అడిగితే అప్పటికి ఆ మనిషి మానేసి ఉండవచ్చు. ప్రయాణం లెక్కలోకి రాదు. హోస్ట్ ఇంట్లో గిన్నెలు కడగడమూ రాదు, అది ఇంటి మనిషి చేసే పని. ఇక్కడా తేదీలో నెలే ముందు.

ప్రశ్న: సేవకు వెళ్ళడానికి తల్లిదండ్రుల సంతకం అడుగుతున్నారు. హోస్ట్ అమ్మ పెట్టవచ్చా? బాబు ఎవరి కారులో వెళ్తున్నాడో అని భయంగా ఉంది. (ఒక తల్లి, రాజమహేంద్రవరం)

జవాబు: హోస్ట్ తల్లిదండ్రులు చట్టప్రకారం సంరక్షకులు కారు. ఏ కాగితం మీద వారు పెట్టవచ్చు, ఏది మీరే పెట్టాలి అన్నది ఒక్కో ప్రోగ్రాంలో ఒక్కోలా ఉంటుంది. అందుకని సంతకం అడిగే ప్రతి కాగితాన్నీ ముందు కోఆర్డినేటర్‌కు పంపమనండి. మీరు పెట్టాల్సి వస్తే ప్రింటు తీసి, సంతకం చేసి, స్కాన్ చేసి అదే రోజు పంపేలా సిద్ధంగా ఉండండి. తూర్పు తీరానికీ మనకూ తేడా వేసవి వేళల్లో తొమ్మిదిన్నర గంటలు, నవంబరు మొదటి ఆదివారం నుంచి పదిన్నర. వాళ్ళ బడి వదిలే వేళకు మనకు అర్ధరాత్రి దాటుతుంది.

కాగితంలో ‘ప్రమాదం జరిగితే సంస్థకు బాధ్యత లేదు’ అన్న వాక్యం దాదాపు అన్నిచోట్లా ఉంటుంది, దానికే బెదిరిపోవద్దు. పని ఏమిటో చూడండి. ఇళ్ళు కట్టే హాబిటాట్ ఫర్ హ్యుమానిటీ 16 నిండనివారిని నిర్మాణ స్థలంలోకి రానివ్వదు. 16, 17 ఏళ్ళవారికీ కరెంటు రంపాలు, పైకప్పు పని, కూల్చివేత ఉండవు. పేరున్న సంస్థ ఇలాంటి హద్దులు ముందే చెబుతుంది. చెప్పనిచోట అనుమానించాలి.

కారు విషయంలో మీ భయం న్యాయమైనదే. బాబు తాను నడపకూడదు, చాలా ప్రోగ్రాంల్లో అది నిషేధం, మీరితే వెనక్కి పంపుతారు. హోస్ట్ ఇంట్లో 18 దాటిన ప్రతి ఒక్కరి నేర చరిత్రనూ పరిశీలించాకే పిల్లల్ని పంపుతారు. కానీ సేవా స్థలంలో పరిచయమైనవారికి ఆ పరిశీలన జరిగి ఉండాలని లేదు. అలాంటి వారి కారులో ఒంటరిగా ఎక్కకూడదు. ఎవరు దింపుతారు, ఎవరు తీసుకొస్తారు, ఎన్నింటికి అన్నది వెళ్ళే ముందే హోస్ట్ ఇంట్లో తేలాలి. కోఆర్డినేటర్ నెలకోసారి తప్పక మాట్లాడాలన్నది నిబంధన. ఆ మాటల్లో సేవ చేసే చోటు గురించీ చెప్పమనండి. ఇబ్బంది కలిగించే మనిషి ఎదురైతే నెలాఖరు దాకా ఆగనక్కర్లేదు. అమెరికా విదేశాంగ శాఖ అత్యవసర నంబరు ప్రోగ్రాం ఇచ్చిన కార్డు మీద ఉంటుంది.

ప్రశ్న: నవంబరులో అంతర్జాతీయ విద్యా వారానికి మూడో తరగతి పిల్లలకు మన సంస్కృతి గురించి చెప్పమన్నారు. సమోసాలు చేసి తీసుకెళ్ళనా? (విద్యార్థిని, తిరుపతి నుంచి వెళ్ళి ఒరెగాన్‌లో ఉన్నారు)

జవాబు: తినేది వద్దు. ఇంట్లో చేసినది చాలా బడులు రానివ్వవు. వేరుశనగ పడని పిల్లలకు పల్లీపట్టీ ముక్క ప్రాణం మీదికి తెస్తుంది. ఎనిమిదేళ్ళ పిల్లలు స్లయిడ్లు చూస్తూ ఐదు నిమిషాలకంటే కూర్చోరు. ఇరవై నిమిషాల్లో పదిహేను వాళ్ళ చేతులకు పని ఇవ్వండి. టీచరు అనుమతితో బడి ఆవరణలో నేల మీద సుద్దతో ముగ్గు వేయించండి. అక్కడి దుకాణాల్లో లావుపాటి రంగు సుద్దలు దొరుకుతాయి, వానకు కడిగేసుకుపోతాయి. 5 చుక్కలు, 1 వరకు, ఎదురు చుక్క పెట్టండి. మొత్తం 13 చుక్కలే కాబట్టి లెక్క తప్పదు. నలుగురికి ఒక ముగ్గు చొప్పున చుక్కలు మీరు ముందే పెట్టి ఉంచితే, కలపడం వాళ్ళ పని. వాన రోజైతే చుక్కలు అచ్చేసిన కాగితాలు చేతిలో ఉండాలి, ఒరెగాన్‌లో నవంబరు అంటే వానే. ఇక్కడినుంచి ఎవరైనా వస్తుంటే రెండు కొండపల్లి బొమ్మలు తెప్పించుకోండి. తెల్ల పొణికి కర్ర తేలిక, పెట్టెలో బరువుండదు, పిల్లలు చేత్తో పట్టుకుని చూడవచ్చు.

ప్రశ్న: తెలుగు సంఘంలో, గుడి వంటశాలలో చేసిన పని లెక్కలోకి వస్తుందా? ఈ గంటలన్నీ రేపు కాలేజీ సీటుకు పనికొస్తాయా? (ఒక తండ్రి, హైదరాబాద్)

జవాబు: గుడి, సంఘం లాభాపేక్ష లేనివే కాబట్టి చాలా ప్రోగ్రాంలు ఒప్పుకుంటాయి. కానీ అన్ని గంటలూ అక్కడే గడిపితే వెళ్ళిన పని సగమే అవుతుంది. ఊరివాళ్ళతో కలిసి పనిచేయాలన్నదే ఎక్స్‌ఛేంజ్ ఉద్దేశం. దీపావళికో ఉగాదికో వెళ్ళనివ్వండి, వారం వారం చేసే పని మాత్రం ఆ ఊరి సంస్థలో ఉండనివ్వండి.

ఇక్కడి ఎప్‌సెట్, జేఈఈ ర్యాంకుల్లో సేవ గంటలకు స్థానం లేదు. అమెరికా కాలేజీలకు దరఖాస్తు చేస్తే ఉంది. చాలా కాలేజీలకు ఒకే దరఖాస్తుగా పనికొచ్చే కామన్ యాప్‌లో 10 కార్యకలాపాల దాకా రాయవచ్చు, ఒక్కోదాని వివరానికి 150 అక్షరాలే చోటు, వారానికి ఎన్ని గంటలు, ఏడాదికి ఎన్ని వారాలు అని అడుగుతుంది. చెల్లాచెదురు పూటలు అక్కడ నిలవవు. ‘ఫుడ్ బ్యాంక్, వారానికి 3 గంటలు, 26 వారాలు’ అన్నది నిలుస్తుంది. సంస్థ లెటర్‌హెడ్ మీద ఉత్తరం మే మొదటి వారంలోనే అడగమనండి. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, మొత్తం గంటలు, చేసిన పనులు, రాసినవారి హోదా, ఈమెయిల్ అందులో ఉండాలి. పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయించాలి. ఇంటిపేరు ముందా వెనకా అన్న గందరగోళం మన పిల్లల సర్టిఫికెట్లలో ఎక్కువ, అక్కడినుంచి వచ్చేశాక దిద్దించడం కష్టం.